పర్మనెంట్ ఉద్యోగం నుంచి ఐటీ కాంట్రాక్ట్‌కి: పేపర్లు వేసేముందు, వేశాక

హైదరాబాద్‌లో పదకొండేళ్లు పర్మనెంట్ ఉద్యోగం చేసి, ఆ తర్వాత కాంట్రాక్ట్‌లోకి వచ్చాను. అప్పటినుంచి పాత ఆఫీసు వాళ్లు, వాళ్ల తమ్ముళ్లు, తమ్ముళ్ల రూమ్మేట్లు ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, రోజుకి ఎంత వస్తుంది?" జవాబు చెప్పడం తేలికే. ఏడాదికి ఎన్ని రోజులు వస్తుందని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. నా మొదటి ఏడాది తప్పులన్నీ ఆ రెండో ప్రశ్న వేసుకోకపోవడం వల్ల జరిగినవే.

ఇంకో తప్పు వరుస తప్పడం. మేనేజర్ మీద కోపంతోనో, హైక్ రాలేదన్న ఉక్రోషంతోనో ముందు పేపర్లు వేసి, తర్వాత మిగతావి చూసుకుందాం అనుకుంటారు. నెలనెలా జీతం పడుతున్నప్పుడు మాత్రమే తేలిగ్గా అయ్యే పనులు కొన్ని ఉన్నాయి, అవి అయ్యాకే రాజీనామా మెయిల్. అందుకే ఈ గైడ్‌లో రాజీనామా ఆరో మెట్టు మీద ఉంది. నేను రాస్తున్నది ఇండియాలో ఉండి, ముఖ్యంగా హైదరాబాద్‌లో, కాంట్రాక్ట్ చేయాలనుకునేవాళ్ల గురించి. అమెరికాలో ఉన్న మనవాళ్లు చెప్పే డబ్ల్యూ2, సీ టూ సీ అనే అక్కడి కాంట్రాక్ట్ పద్ధతుల లెక్కలు వేరే, అవి ఇక్కడ పనికిరావు.

మొదటి మెట్టు: ఏ కాంట్రాక్టో తేల్చుకోండి

కాంట్రాక్ట్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు బతుకులున్నాయి.

ఒకటి, హైదరాబాద్‌లో ఎక్కువమంది చేసేది, సీ టూ హెచ్ లేదా థర్డ్ పార్టీ పేరోల్. పని చేసేది గచ్చిబౌలిలో ఏదో పెద్ద క్లయింట్ దగ్గర, జీతం ఇచ్చేది మీరు ఎప్పుడూ వినని ఒక వెండర్, అంటే క్లయింట్‌కి మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ. కాగితం మీద మీరు ఆ వెండర్‌కి ఉద్యోగే. పే స్లిప్ వస్తుంది, పీఎఫ్ కట్ అవుతుంది, టీడీఎస్ (డబ్బు ఇచ్చేముందే కోసే పన్ను) జీతం లెక్కనే పడుతుంది. పేరు చివర "హెచ్" అంటే హైర్, అంటే ఆరు నెలలకో ఏడాదికో క్లయింట్ మిమ్మల్ని సొంతం చేసుకుంటాడని. చేసుకుంటే మంచిదే. కానీ ఎప్పుడు, ఏ షరతు మీద అన్నది రాతలో లేకపోతే ఆ అక్షరాన్ని లెక్కలోంచి తీసేయండి.

రెండోది, ఇండియాలోని కంపెనీకే మీరు స్వతంత్రంగా కన్సల్టెంట్‌గా పనిచేసి ఇన్వాయిస్ పంపడం. ఇక్కడ పే స్లిప్ లేదు, పీఎఫ్ లేదు. మీరే ఒక చిన్న దుకాణం.

మూడోది, విదేశీ క్లయింట్‌కి ఇక్కణ్ణించి పనిచేసి డాలర్లలోనో పౌండ్లలోనో తెచ్చుకోవడం. రేటు బాగుంటుంది, దొరకడం కష్టం, రాత్రి కాల్స్ తప్పవు.

నా అభిప్రాయం అడిగితే, ఎనిమిదేళ్ల లోపు అనుభవం ఉండి, ఇంతవరకూ సొంతంగా క్లయింట్‌తో ఎస్టిమేట్ మాట్లాడని వాళ్లు మొదటి పద్ధతిలో ఏడాది చేసి చూడటం మంచిది. జీతం పెద్దగా పెరగదు గానీ, కాంట్రాక్ట్ మనిషిని టీమ్‌లో ఎలా చూస్తారో ముందు తెలుస్తుంది. టీమ్ లంచ్‌కి పిలవరు, అప్రైజల్ ఉండదు, బడ్జెట్ తగ్గితే మొదట పోయే పేరు మీదే. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కొంతమందికి నిద్ర పట్టనివ్వదు.

రెండో మెట్టు: రేటు లెక్క

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మీ సీటీసీ (ఏడాదికి కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) 24 లక్షలు అనుకుందాం. ఏడాదికి 365 రోజులు, శని ఆదివారాలు 104 తీసేస్తే 261. 24 లక్షల్ని 261తో భాగిస్తే రోజుకి సుమారు 9,200. రిక్రూటర్ ఫోన్ చేసి "సార్, రోజుకి 11,000 ఇస్తాం, 20 శాతం హైక్ సార్" అంటాడు. 11,000ని 261తో గుణిస్తే 28 లక్షల 71 వేలు, లెక్క సరిగ్గానే ఉంది కదా అనిపిస్తుంది.

కానీ 261 రోజులూ మీకు డబ్బు రాదు. పండగలు, జాతీయ సెలవులు ఒక 10. మీరు పెట్టుకునే సెలవులు 15. జ్వరాలు, పిల్లల జ్వరాలు 6. ఇక్కడికి 230. ఒక కాంట్రాక్ట్ అయిపోయి ఇంకోటి దొరికేలోపు ఖాళీ, ఆరు వారాల పని దినాలు, అంటే 30 వేసుకోండి. మిగిలింది 200. అమెరికా క్లయింట్ అయితే డిసెంబర్ ఆఖర్లో ఫర్లో అని రెండు వారాలు ఊరికే ఇంట్లో కూర్చోబెట్టే అలవాటు కూడా ఉంది, అది ఈ ఆరు వారాల్లోనే సర్దుకోవాలి. ఇప్పుడు 11,000ని 200తో గుణించండి: 22 లక్షలు. 20 శాతం హైక్ అన్నది నిజానికి 2 లక్షల కోత.

సరైన లెక్క ఇలా వేస్తాను. సీటీసీ 24 లక్షలు. కంపెనీ ఇప్పటిదాకా ఊరికే ఇస్తున్నవి, ఇకమీద మీరు కొనుక్కోవాల్సినవి, అంటే కుటుంబానికి హెల్త్ పాలసీ, ల్యాప్‌టాప్, లైసెన్సులు, నెట్, ఇన్వర్టర్, సీఏ ఫీజు, అన్నీ కలిపి ఒక లక్షన్నర. మొత్తం 25.5 లక్షలు. దాని మీద రిస్క్‌కి 20 శాతం కలిపితే 30.6 లక్షలు. 200తో భాగిస్తే రోజుకి 15,300. ఎనిమిది గంటల రోజు అయితే గంటకి 1,900 పైచిలుకు. ఇన్వాయిస్ పద్ధతిలో జీఎస్టీ దీని మీద అదనం, లోపల కలిపింది కాదు; ఈ మాట మొదటి కాల్‌లోనే చెప్పేయాలి.

20 శాతం ఎందుకని అడుగుతారు. మిమ్మల్ని వారం నోటీసుతో పంపించేసే వెసులుబాటు క్లయింట్‌కి ఉంది, దాని ధర అది. 15,300 అడిగితే ఎవరిస్తారు అంటే, మొదటిసారి నాకూ ఇవ్వలేదు, 13,500కి తెగింది. అయినా కింద గీత ఎక్కడుందో తెలిసి బేరమాడటం వేరు, రిక్రూటర్ చెప్పిన అంకెకి మురిసిపోవడం వేరు. అమ్మైనా అడగందే అన్నం పెట్టదు.

ఈ లెక్క వచ్చాక ఇంకో రోగం అంటుకుంటుంది, ముందే హెచ్చరిస్తున్నా. ప్రతి సెలవుకీ ధర కనిపిస్తుంది. మొదటి సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజులున్నాను, అమ్మ పెట్టిన అరిసె తింటూ మనసులో 54,000 అని లెక్క వేసుకున్నాను. సెలవుల్ని ముందే రేటులో వేసుకున్నది అందుకే కదా, ఇక మళ్లీ లెక్కపెట్టడం దేనికి అని మా ఆవిడ తిట్టేదాకా ఆ జబ్బు తగ్గలేదు.

మూడో మెట్టు: జీతం పడుతుండగానే చేసుకోవాల్సిన పనులు

ఇల్లు కొనే ఆలోచన ఉంటే హోమ్ లోన్ ఇప్పుడే తీసుకోండి. ఉద్యోగికి బ్యాంకు పే స్లిప్పులు, ఫారం 16 చూసి ఇస్తుంది. సొంతంగా పనిచేసేవాడిని సాధారణంగా రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతుంది. పైగా కింద చెప్పబోయే 44ఏడీఏ పద్ధతిలో 30 లక్షలు సంపాదించి 15 లక్షల ఆదాయం చూపిస్తారు కదా, బ్యాంకు ఆ 15నే పట్టుకుంటుంది. పన్ను తగ్గిందని సంబరపడ్డ కాగితమే లోన్ దగ్గర అడ్డం తిరుగుతుంది. క్రెడిట్ కార్డు లిమిట్ పెంచుకోవడం లాంటివి కూడా ఇప్పుడే.

హెల్త్ ఇన్సూరెన్స్. కంపెనీ గ్రూప్ పాలసీ ఆఖరి పని దినంతోనే ముగిసిపోతుంది. అమ్మానాన్న అందులో ఉంటే ఇంకా జాగ్రత్త. సొంత పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప క్లెయిమ్ ఉండదు, బీపీ షుగర్ లాంటి పాత జబ్బులకి గరిష్ఠంగా 36 నెలల వెయిటింగ్ ఉండొచ్చు. అందుకే ఉద్యోగం మానేయడానికి ఏడాది ముందే చిన్నదో పెద్దదో సొంత పాలసీ మొదలుపెట్టండి, ఆ గడియారం అప్పటినుంచే తిరగడం మొదలవుతుంది. ఆలస్యమైందంటే, గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే దారి ఉంది, ఆఖరి రోజుకి ముందే హెచ్‌ఆర్‌ని, బీమా కంపెనీని మెయిల్‌లో అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, కాబట్టి ప్రీమియం ఎక్కువని వాయిదా వేయడానికి ఒక సాకు తగ్గింది.

గ్రాట్యుటీ తేదీ చూసుకోండి. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండాలి. బేసిక్ 80,000 అయితే ఐదేళ్లకి, 80,000ని 15తో గుణించి 26తో భాగించి మళ్లీ 5తో గుణిస్తే, 2 లక్షల 30 వేలు. నాకు తెలిసినవాడొకడు నాలుగేళ్లు దాటిన కొద్ది నెలలకే కోపంలో మెయిల్ కొట్టి అంత డబ్బూ వదిలేసుకున్నాడు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటి ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి తీసుకున్న) ఉద్యోగులకి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు ఉంది. థర్డ్ పార్టీ పేరోల్‌లోకి వెళ్లేవాళ్లు ఆఫర్ లెటర్‌లో ఈ మాట ఉందో లేదో అడగండి, అడిగితే వెండర్ హెచ్‌ఆర్ కాసేపు మౌనంగా ఉంటారు, ఫర్వాలేదు.

జాయినింగ్ బోనస్ వెనక్కి కట్టాలా, వేరియబుల్ ఏ నెలలో పడుతుంది, కంపెనీ ఇచ్చిన షేర్లు ఎప్పుడు వెస్ట్ అవుతాయి (అంటే మీ సొంతం అవుతాయి), ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే సరైన నెల దానంతటదే తేలుతుంది. నా విషయంలో అది మే నెల అయింది.

నాలుగో మెట్టు: చేతిలో ఎంత ఉండాలి

ఆరు నెలల ఖర్చు అని అందరూ చెప్తారు. ఎందుకు ఆరో చూద్దాం. మే 31 మీ ఆఖరి రోజు. చాలా కంపెనీల్లో ఆఖరి నెల జీతం ఆపి ఫుల్ అండ్ ఫైనల్ అనే ఆఖరి సెటిల్‌మెంట్‌లో ఇస్తారు, దానికి నెల నుంచి నెలన్నర పట్టడం మామూలే. కొత్త వేతన కోడ్ రెండు పని దినాల్లో ఇవ్వమంటోంది, నిజమే, కానీ ఖాతాలో పడేదాకా లెక్కలో వేసుకోకండి. అంటే మీకు చివరిగా పడిన జీతం ఏప్రిల్ 30న. జూన్ 1న కాంట్రాక్ట్ మొదలు, ఒక్క రోజు కూడా గ్యాప్ లేదు. జూన్ 30న ఇన్వాయిస్ పంపారు, 45 రోజుల గడువు, ఆగస్టు 14న డబ్బు. అన్నీ సవ్యంగా జరిగినా మూడున్నర నెలలు ఖాతాలోకి ఒక్క రూపాయి రాలేదు, ఈఎంఐలు, స్కూలు ఫీజులు మాత్రం తారీఖు తప్పకుండా వెళ్లిపోయాయి. స్కూళ్లు తెరిచేది కూడా జూన్‌లోనే, మర్చిపోకండి. ఇందులో ఒక్కటి అటూ ఇటూ అయితే ఐదు నెలలు. అందుకే ఆరు.

ఈ లెక్క ఇంట్లో ముందే చూపించండి. మా నాన్న రిటైర్డ్ టీచర్. "ఏరా, ఒకటో తారీఖున జీతం రాదంటే దాన్ని ఉద్యోగం అనరు" అన్నారు. కాగితం మీద ఆరు నెలల డబ్బు చూపించాక కాస్త మెత్తబడ్డారు, పూర్తిగా కాదు.

ఐదో మెట్టు: మొదటి కాంట్రాక్ట్, ఆ కాగితంలో ఏముంది

మొదటిది దాదాపు ఎప్పుడూ తెలిసినవాళ్ల ద్వారానే వస్తుంది: పాత మేనేజర్ కొత్త కంపెనీకి వెళ్లాడు, అక్కడ ఆరు నెలల పని పడింది, మీరు గుర్తొచ్చారు. జాబ్ సైట్లలో ప్రొఫైల్‌ని "కాంట్రాక్ట్‌కి సిద్ధం" అని మార్చితే రోజుకి పది ఫోన్లు వస్తాయి, అందులో ఏడు ఒకే ఉద్యోగానికి. ఇక్కడే ఒక గుంట ఉంది: ఇద్దరు వెండర్లు మీ రెజ్యూమెని ఒకే క్లయింట్‌కి పంపితే, గొడవ మాకెందుకని క్లయింట్ ఇద్దర్నీ పక్కన పెట్టేస్తాడు. క్లయింట్ పేరు చెప్పనిదే రెజ్యూమె పంపొద్దని ప్రతి వెండర్‌కి చెప్పండి, ఎవరికి ఏ క్లయింట్ కోసం ఒప్పుకున్నారో తేదీతో రాసుకోండి.

మధ్యలో ఎన్ని చేతులున్నాయో కూడా అడగాలి. క్లయింట్, పెద్ద వెండర్, అతని కింద చిన్న వెండర్, ఆ తర్వాత మీరు. ప్రతి చేతిలో కొంత మిగిలిపోతుంది, డబ్బు కూడా ఒక్కో చేయి దాటి రావాలి. రెండు చేతులు మించితే నేను వదిలేస్తాను.

ఒప్పందం కాగితంలో నేను వెతికేవి ఇవి. నోటీసు ఇద్దరికీ సమానంగా ఉందా, లేక వాళ్లకి 7 రోజులు మనకి 60 రోజులా? డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఆ రోజులు ఇన్వాయిస్ తేదీ నుంచా లేక "క్లయింట్ మాకు ఇచ్చాక" అని రాశారా? ఈ రెండోది కనిపిస్తే కొట్టేయించండి, క్లయింట్ ఇవ్వకపోతే మీకూ లేదని దాని అర్థం. నష్టపరిహారం క్లాజు హద్దు లేకుండా ఉంటే, గడచిన మూడు నెలల ఫీజు మించకుండా అని హద్దు పెట్టమనండి.

కోడ్ ఎవరిది అన్న మాట చాలామంది చదవకుండా దాటేస్తారు. ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసినది యజమానిదే అవుతుందని 1957 కాపీరైట్ చట్టం చెప్తుంది. స్వతంత్ర కాంట్రాక్టర్ విషయం వేరు, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప హక్కు రాసినవాడిదే. క్లయింట్ ఆ బదిలీ అడగడం న్యాయమే, అతను డబ్బు పెట్టేది దానికోసమే. మీరు చేర్చాల్సింది చిన్న మాట: పూర్తి చెల్లింపు అందాకే హక్కులు బదిలీ అవుతాయి. తర్వాత డబ్బు ఆగిపోయినప్పుడు మీ చేతిలో ఉండే ఒకే ఒక్క తాళం అది. కాంట్రాక్ట్‌కి ముందే మీ దగ్గరున్న సొంత టూల్స్, స్క్రిప్టులు మీవేనని కూడా రాయించుకోండి.

ఉద్యోగం మానాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరకూడదు అన్న తరహా షరతులు 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ముందు సాధారణంగా నిలబడవు. కానీ వెండర్‌ని పక్కకు నెట్టి వాళ్ల క్లయింట్ దగ్గరికే నేరుగా వెళ్లకూడదు అన్న షరతును తేలిగ్గా తీసుకోవద్దు. కోర్టులో ఏమవుతుందన్నది తర్వాత, హైదరాబాద్‌లో వెండర్ల ప్రపంచం చాలా చిన్నది.

ఆరో మెట్టు: ఇప్పుడు రాజీనామా

సంతకం అయిన కాగితం చేతికొచ్చాకే. "వచ్చే సోమవారం పీవో వచ్చేస్తుంది సార్" (పీవో అంటే పర్చేజ్ ఆర్డర్, క్లయింట్ ఇచ్చే కొనుగోలు కాగితం) అన్న మాట మీద పేపర్లు వేస్తే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

అసలు చిక్కు 90 రోజుల నోటీసు. కాంట్రాక్ట్ క్లయింట్ రెండు వారాల్లో రమ్మంటాడు. దారులు మూడు: మీ కంపెనీలో బై అవుట్ (మిగిలిన నోటీసు రోజులకి బదులు డబ్బు కట్టడం) ఉందేమో చూడండి, మిగిలిన లీవులతో సర్దుబాటు అవుతుందా అడగండి, లేదా క్లయింట్‌నే 45 రోజులకి ఒప్పించండి. చెప్పకుండా వెళ్లిపోవడం మాత్రం వద్దు, రిలీవింగ్ లెటర్ లేకపోతే తర్వాత పదేళ్లపాటు ప్రతి బీజీవీలోనూ (కొత్త కంపెనీ చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్) దానికి సంజాయిషీ చెప్పుకోవాలి. నోటీసు పీరియడ్‌లో రాత్రిళ్లు కాంట్రాక్ట్ పని మొదలెట్టేద్దాం అన్న తెలివి కూడా వద్దు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరే పని చేయకూడదన్న షరతు చెల్లుతుంది, రెండో చోట కూడా పీఎఫ్ కట్ అయితే యూఏఎన్‌లో (మీ పీఎఫ్ నంబర్) తేదీలు ఒకదాని మీద ఒకటి పడి బయటపడిపోతుంది.

పీఎఫ్ డబ్బుని వెంటనే తీసేయాలన్న ఆత్రం వద్దు. ఐదేళ్ల లోపు సర్వీసుతో తీస్తే పన్ను పడుతుంది. అలాగే ఉంచితే వడ్డీ వస్తూనే ఉంటుంది, అయితే ఉద్యోగం మానాక జమయ్యే వడ్డీకి పన్ను ఉంటుంది. పెన్షన్ భాగానికి పదేళ్ల సర్వీసు నిండాలి. మీకు తొమ్మిదేళ్లు దాటి ఉంటే, ఒక ఏడాది థర్డ్ పార్టీ పేరోల్‌లో పీఎఫ్‌తో చేసి ఆ పది నింపుకుని ఆ తర్వాత ఇన్వాయిస్ పద్ధతికి మారడం తెలివైన పని. పాత కంపెనీ పోర్టల్‌లో ఎగ్జిట్ తేదీ వేసిందో లేదో రెండు నెలల తర్వాత చూడండి. పే స్లిప్పులు, ఫారం 16లు, అప్రైజల్ లెటర్లు ల్యాప్‌టాప్ తిరిగిచ్చేముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కంపెనీ కోడ్ మాత్రం ఒక్క ఫైల్ కూడా వద్దు.

ఏడో మెట్టు: దుకాణం తెరవడం

ఇది ఇన్వాయిస్ పద్ధతి వాళ్లకే, పేరోల్ వాళ్లు దాటేయొచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాలా అని అడుగుతారు. ఒక్కరే పని చేస్తున్నంతకాలం అక్కర్లేదు, మీ పాన్ మీదే వ్యక్తిగా చేయొచ్చు. ఎల్‌ఎల్‌పీకి (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), కంపెనీకి 44ఏడీఏ వర్తించదు కూడా. విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి, ఇంటి ఖర్చు అందులోంచి పెట్టకండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు. ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో పావుగంట పని, పూర్తిగా ఉచితం. వెతికితే పైన వచ్చే డబ్బులడిగే సైట్లు ప్రైవేటు వాళ్లవి. దీని ఉపయోగం వసూళ్ల దగ్గర చెప్తాను.

జీఎస్టీ: తెలంగాణ, ఆంధ్రల్లో సేవలకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 20 లోపు అవసరం లేదు, కానీ చాలా క్లయింట్లు జీఎస్టీ నంబర్ లేకపోతే వెండర్‌గా నమోదు చేసుకోరు. ఇంటి అడ్రస్ మీదే తీసుకోవచ్చు, కరెంటు బిల్లు, అద్దె ఇల్లయితే అగ్రిమెంట్, ఓనర్ సమ్మతి పత్రం కావాలి. ఓనర్‌కి "ఇక్కడ షాపు పెట్టట్లేదు సార్" అని ఓపిగ్గా చెప్పాల్సి వస్తుంది, మా ఓనర్‌కి రెండు సిట్టింగులు పట్టింది. రేటు 18 శాతం. నంబర్ వచ్చాక ఇన్వాయిస్ లేని నెలల్లోనూ నిల్ రిటర్న్ వేయాలి, మరిస్తే లేట్ ఫీజు. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవచ్చు, కాబట్టి రిజిస్ట్రేషన్ అయ్యాకే, మీ జీఎస్టీ నంబర్ వేయించి కొనండి.

విదేశీ క్లయింట్ అయితే అది ఎగుమతి, పన్ను సున్నా, కానీ దానికి ఎల్‌యూటీ అనే పత్రం ప్రతి ఆర్థిక సంవత్సరం మొదట్లో పోర్టల్‌లో వేయాలి. బ్యాంకు పర్పస్ కోడ్ (డబ్బు దేనికోసం వచ్చిందో చెప్పేది) అడిగితే సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి వాడేది పీ0802. డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంకిచ్చే రెమిటెన్స్ పత్రం దాచుకోండి. అమెరికా క్లయింట్ డబ్ల్యూ-8బెన్ ఫారం నింపమంటాడు, కంగారు పడక్కర్లేదు, మీరు అమెరికా పన్ను పరిధిలో లేరని చెప్పే కాగితం అది.

ఎనిమిదో మెట్టు: పన్ను

ఇక్కడే కాంట్రాక్ట్‌కి అసలు అందం ఉంది. 44ఏడీఏ అన్నది కొన్ని వృత్తులవాళ్లకి, అందులో ఐటీ, టెక్నికల్ కన్సల్టెన్సీ వాళ్లకీ, ఇచ్చిన సులువు పద్ధతి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి, జనం నోట్లో మాత్రం పాత పేరే ఉంది. వసూళ్లలో సగం ఆదాయంగా చూపిస్తే చాలు, ఖర్చుల బిల్లులు లెక్కలు రాయక్కర్లేదు. హద్దు 50 లక్షలు, నగదు వసూళ్లు 5 శాతం లోపు ఉంటే 75 లక్షలు. మనకి అంతా బ్యాంకులోనే కాబట్టి 75.

అంకెల్లో చూస్తే, 2025-26 కొత్త పన్ను విధానంలో 30 లక్షల జీతానికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా సెస్‌తో కలిపి పన్ను 4,75,800. అదే 30 లక్షలు ఇన్వాయిస్‌గా వస్తే 15 లక్షల మీద పన్ను 1,09,200. వసూళ్లు 24 లక్షలే అయి, వేరే ఆదాయం లేకపోతే 12 లక్షల రిబేట్‌లో పడి పన్ను సున్నా. పైన చెప్పిన 22 లక్షల కాంట్రాక్ట్ కూడా ఈ పద్ధతిలో 24 లక్షల జీతానికి దాదాపు దగ్గరికొస్తుంది. కానీ ఈ లాభాన్ని బేరంలో వెండర్‌కి ధారపోయకండి, "మీకు టాక్స్ మిగులుతుంది కదా సార్" అని వాళ్లే అంటారు. అది మీకు గ్రాట్యుటీ, పీఎఫ్, భద్రత లేనందుకు మిగిలేది.

జాగ్రత్తలు. పేరోల్ మీద ఉన్నవాళ్లకి ఇది లేదు. పేరుకి కన్సల్టెంట్ అని, తొమ్మిదింటికి పంచింగ్, సెలవుకి అనుమతి, జీతం లాంటి నెలసరి మొత్తం ఉంటే, ఇది నిజానికి జీతమేనని శాఖ అడిగే అవకాశం ఉంది. రిటర్న్ సాధారణంగా ఐటీఆర్-4, షేర్లు అమ్మిన లాభాలుంటే చాలావరకు ఐటీఆర్-3. అడ్వాన్స్ టాక్స్ మార్చి 15 లోపు ఒకే విడతలో. పాత, కొత్త పన్ను విధానాల మధ్య ఉద్యోగిలా ఏటా అటూ ఇటూ మారడం కుదరదు.

టీడీఎస్ సంగతి. వృత్తి సేవలకి 10 శాతం, టెక్నికల్ సేవలకి 2 శాతం అని ఉన్నా, ఎందుకొచ్చిన గొడవని చాలా క్లయింట్లు 10 కోసేస్తారు. 30 లక్షల మీద 3 లక్షలు పోతుంది, మీ పన్ను 1,09,200, మిగతా 1,90,800 రిటర్న్ వేశాక రీఫండ్. అంతకాలం అది మీ చేతిలో లేని డబ్బే, ఆరు నెలల నిధి లెక్కలో దీన్నీ గుర్తుపెట్టుకోండి. తక్కువ కోత కోసం ముందే సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టుకునే వీలుంది, సీఏని అడగండి.

తొమ్మిదో మెట్టు: ఇన్వాయిస్, వసూలు

నెలకి 2,50,000 ఫీజు అనుకోండి. ఇన్వాయిస్‌లో జీఎస్టీ 45,000 కలిపి 2,95,000. క్లయింట్ 25,000 టీడీఎస్ కోసి 2,70,000 వేస్తాడు. అందులో 45,000 మీది కాదు, వచ్చిన రోజే వేరే ఖాతాలోకి నెట్టేయండి.

నేను కాల్చుకున్నది ఇక్కడే. ఒక క్లయింట్ వరుసగా మూడు ఇన్వాయిస్‌లు ఆపేశాడు. మేనేజర్ అప్రూవ్ చేశాడు, ఫైనాన్స్‌లో ఉంది, ఫైనాన్స్ వాళ్లు పీవో నంబర్ తప్పన్నారు, సరిచేస్తే క్వార్టర్ ఎండ్ అన్నారు. ఈలోగా జీఎస్టీ ఆగదు, ఇన్వాయిస్ వేశారా లేదా అన్నదే దానికి కావాలి, డబ్బు వచ్చిందా అన్నది కాదు. లక్షా ముప్పై ఐదు వేలు నా జేబులోంచి కట్టాను. అప్పటినుంచి రెండు నియమాలు: రెండో ఇన్వాయిస్ గడువు దాటితే మూడో నెల పని మొదలవదు, ఈ మాట ఒప్పందంలోనే ఉంటుంది. నెలకి ఒకటి బదులు పదిహేను రోజులకి ఒక ఇన్వాయిస్ అడుగుతాను, ఒప్పుకునేవాళ్లు ఉన్నారు.

ఉద్యమ్ నంబర్ ఉపయోగపడేది ఇప్పుడు. సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతలో ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. 2023-24 నుంచి ఇంకో పట్టు వచ్చింది: గడువు దాటించిన బిల్లుని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి కొనుగోలుదారుకి వీలు లేదు, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. అందుకే ఉద్యమ్ నంబర్‌ని ఇన్వాయిస్ మీదే ముద్రించండి. మర్యాదగా "మార్చి 31 లోపు పడకపోతే మీ ఆడిటర్‌కి ఇబ్బంది అవుతుందేమో అండీ" అని ఒక్క మెయిల్ పెడితే ఫైనాన్స్ వాళ్లకి పీవో నంబర్ వెంటనే దొరుకుతుంది. అదీ కాకపోతే చిన్న సంస్థల బకాయిల కోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు, కానీ అక్కడిదాకా వెళ్తే ఆ క్లయింట్ మళ్లీ పిలవడని అనుకోండి.

పదో మెట్టు: తర్వాతి కాంట్రాక్ట్

పొడిగిస్తాం అని మాట ఇచ్చినా, ముగింపు తేదీకి 45 రోజుల ముందే వెతకడం మొదలుపెట్టండి. పొడిగింపు కాగితం వచ్చాక ఆపేయొచ్చు. ఏడాదికోసారి రేటు మీరే పెంచాలి, హైక్ లెటర్ ఇచ్చేవాళ్లెవరూ లేరు. పొడిగింపు మాట వచ్చిన రోజే ఆ మెయిల్‌కి సరైన సమయం. శిక్షణకి కంపెనీ పంపదు కాబట్టి, ఖాళీ అనుకున్న ఆ 30 రోజుల్లో సగం దానికి పెట్టండి.

తిరిగి పర్మనెంట్‌లోకి వెళ్లాలనిపిస్తే సిగ్గుపడేదేమీ లేదు, నాతో పాటు మొదలుపెట్టిన ఇద్దరు రెండేళ్లకి వెళ్లిపోయారు, హాయిగా ఉన్నారు. అయితే ఇన్వాయిస్ పద్ధతిలో చేసినవాళ్లకి రిలీవింగ్ లెటర్ ఉండదు, హెచ్‌ఆర్ అదే అడుగుతుంది. కాబట్టి ప్రతి క్లయింట్‌కి ఒక ఫోల్డర్ పెట్టుకోండి: సంతకాల ఒప్పందం, అన్ని ఇన్వాయిస్‌లు, టీడీఎస్ సర్టిఫికెట్లు, 26ఏఎస్ అనే పన్ను కోతల పట్టికలో ఆ క్లయింట్ పేరు కనిపించే పేజీ, పని అయిపోయిన వారంలోనే అడిగి తీసుకున్న అనుభవ పత్రం. ఆరు నెలలు ఆగి అడిగితే, దాని మీద సంతకం పెట్టాల్సిన మేనేజర్ ఆ కంపెనీలో ఉండడు.